మన వర్షమాపకము - ప్రపంచ వాతావరణ పరిశోధన

(ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఒకనాడు మేము ఎమ్మిగనూరు దారిలో పర్యటించుచు ఒక గ్రామపు రచ్చకట్ట మీద కొంతసేపు కూర్చుంటిమి. ఆ యేటి ఋతుపవనములను గూర్చిన అంచనా అప్పుడే వెలువడియుండెను. పసిఫిక్ మహాసముద్రపు నీరు వేడెక్కుచున్నందున మన దేశమున వర్షములు తగ్గవచ్చునని అందు చెప్పియుండిరి. అక్కడ కూర్చున్న ఒక వృద్ధ రైతు మమ్ము చూచి, "యాడనో సముద్రం కాగితే మా చేను ఎందుకు ఎండుతాది సామీ?" అని అడిగెను. చుట్టునున్నవారు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు. ప్రపంచములోని శాస్త్రజ్ఞులు నూటయేబది సంవత్సరములుగా తమలో తాము వేసికొనుచున్న ప్రశ్న అదియే. ఆనాడు తొందరలో మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. కావున నేడు మీ యెదుట కొంచెము విపులముగ చెప్పదలచితిమి. ఈ విషయమున పంచాయతీలు చేయవలసిన పని కూడ ఒకటి కలదు. దానిని చివర మనవి చేసెదము.

మన నేల, మన వాన

మన ప్రాంతపు స్థితి మీకు చెప్పవలసిన పని లేదు. అరేబియా సముద్రము మీదుగా వచ్చు నైఋతి ఋతుపవనము పడమటి కనుమలకు తగిలి, తన నీటిలో అధిక భాగమును అక్కడనే కురిసివేయును. కనుమలు దాటి దిగివచ్చు గాలి మన వద్దకు చేరునప్పటికి పొడిబారియుండును. అందుచేతనే మనది వానచాటు సీమ. విభజనకు పూర్వపు కర్నూలు జిల్లా సగటు వర్షపాతము సంవత్సరమునకు సుమారు 670 మిల్లీమీటర్లు, అనగా ఇరువదియారు అంగుళముల పైచిలుకు. అందును నల్లమల ప్రక్కన ఎక్కువ, పడమటి మండలములందు తక్కువ. ఉన్న వానలో దాదాపు మూడింట రెండు వంతులు జూన్ మొదలు సెప్టెంబరు వరకు పడవలసినదే.

ఆ కొద్దిపాటి వానను నమ్మియే మన రైతు ఎఱ్ఱనేలలో ముంగారి వేరుశనగ విత్తుచున్నాడు. నల్లరేగడిలో ప్రత్తి, జొన్న, హింగారి శనగ వేయుచున్నాడు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో పదును కుదిరినచో గొఱ్ఱు కట్టును. కుదరనిచో ఆకాశము వంక చూచును. ఆ చూపు మీదనే ఆదోని ప్రత్తి మార్కెట్టు, నూనె మిల్లులు ఆధారపడియున్నవి. ఎమ్మిగనూరు నేతగాని సంగతియు అంతియే. వాన లేకున్న నూలు ధర పెరుగును. వాన మితిమీరిన గుంతమగ్గములోనికి నీరు దిగును. పంట పోయిన యేట ఇంటికి తాళము వేసి, పిల్లలను బడి మాన్పించి వెంటబెట్టుకొని, గుంటూరు ప్రాంతపు మిరపకోతలకును బెంగుళూరు కట్టడపు పనులకును పోవు కుటుంబములను మీరు ప్రతి గ్రామములోను చూచియున్నారు. కాబట్టి రాబోవు వానను ముందుగా తెలిసికొనుట మనకు వినోదము కాదు. అది విత్తనముల ఖర్చు, అప్పు, పిల్లల చదువు.

ధాత కరువు నేర్పిన పాఠము

1876లో వర్షములు విఫలమైనవి. అది ధాత నామ సంవత్సరము. రాయలసీమలో దానిని నేటికిని ధాత కరువందురు. అప్పుడు ఆదోని బళ్లారి జిల్లాలో నుండెను. (1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో చేరినవి.) బళ్లారి, కర్నూలు జిల్లాలు ఆ కరువునకు ఘోరముగ గురియైనవి. 1876-78 సంవత్సరములలో దక్షిణ దేశమంతట యేబది లక్షలకు పైగా ప్రజలు ఆకలిచేతను, దాని వెంట వచ్చిన రోగములచేతను మరణించిరని అంచనా.

అదే కాలమున ఉత్తర చైనాలో వానలు లేక కోట్లమంది అలమటించిరి. దక్షిణ అమెరికాలో బ్రెజిల్ దేశపు ఈశాన్య భాగమున 1877లో మొదలైన అనావృష్టి ఊళ్లకు ఊళ్లను ఖాళీ చేసెను. మూడు చోట్లను ఒకే కాలమున మనుష్యులు ఆకాశము వంక చూచుచుండిరి. కాని ఒకరి సంగతి మరియొకరికి తెలియదు. ఈ మూడు కరువులకు మూలమొక్కటియై యుండునని ఊహించుటకు కావలసిన లెక్కలు ఎవరి చేతను లేవు. పసిఫిక్ మహాసముద్రము ఆ 1877లో మిక్కిలిగ వేడెక్కియుండెనని నేడు మనకు తెలియును.

భారత వాతావరణ శాఖ 1875లో స్థాపింపబడెను. దాని మొదటి అధికారి హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఈ కరువును కండ్లార చూచెను. ఆ సంవత్సరములలో గాలి ఒత్తిడి మన దేశముననే గాక ఆసియా, ఆస్ట్రేలియా ప్రాంతములందు కూడ మామూలుకంటె ఎక్కువగ నుండెనని గమనించి, అన్యదేశముల పరిశీలకులను వారి లెక్కలను పంపుడని కోరెను. ఒక దేశపు వాన గుట్టు మరియొక దేశపు లెక్కల పుస్తకములో నుండవచ్చునను గ్రహింపు అక్కడ మొదలైనది. 1886 మొదలుకొని మన దేశమున ఋతుపవనముల అంచనాలు ప్రకటింపబడుచు వచ్చినవి. అయితే 1899లో వర్షములు బాగుగ నుండునని ప్రకటింపగా ఆ యేడు మహా క్షామము సంభవించెను. తెలిసినది ఎంత స్వల్పమో ఆ తప్పిదము చాటిచెప్పినది.

సముద్రముల తక్కెడ

1904లో గిల్బర్ట్ వాకర్ అను గణిత శాస్త్రజ్ఞుడు ఈ శాఖకు అధిపతిగ వచ్చెను. ఆయన ప్రపంచములోని అనేక కేంద్రముల నుండి గాలి ఒత్తిడి, ఉష్ణము, వర్షము, నదుల వరదల లెక్కలు తెప్పించి, మన దేశపు గుమాస్తాలచేత సంవత్సరముల తరబడి గుణకారములు చేయించెను. ఆ లెక్కలనుండి ఒక వింత బయటపడినది. పసిఫిక్ మహాసముద్రము మీద గాలి ఒత్తిడి పెరిగినప్పుడు హిందూ మహాసముద్రము వైపున తగ్గును; అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ పెరుగును. ఆదోని మార్కెట్టులో ప్రత్తి తూచు తక్కెడ వలె ఒక సిబ్బె లేచిన రెండవది దిగును. దీనికి ఆయన 1924లో దక్షిణ డోలనమని పేరిడెను.

ఈ తక్కెడను ఊపుచున్నదేమో వాకరునకు తెలియలేదు. 1969లో యాకబ్ బ్యెర్క్‌నెస్ అను శాస్త్రజ్ఞుడు దానిని సముద్రపు వేడితో ముడిపెట్టెను. వంటయింట పొయ్యి ఎక్కడనుండునో పొగ అక్కడనే పైకి లేచును గదా. మామూలు సంవత్సరములలో తూర్పు గాలులు పసిఫిక్ సముద్రపు వేడినీటిని ఇండోనేషియా వైపునకు త్రోయుచుండును. ఆ వేడినీటి మీద గాలి పైకి లేచి మేఘములు కట్టును. కొన్ని సంవత్సరములకొకసారి ఆ గాలులు సడలి, వేడినీరు తూర్పునకు జరుగును. పెరూ దేశపు జాలరులు క్రిస్మస్ ప్రాంతమున కనబడు ఈ వేడినీటికి 'ఎల్ నినో', అనగా బాలుడు, అని పేరు పెట్టిరి. పొయ్యి జరిగినచో గాలి లేచు చోటును జరుగును. అక్కడ లేచిన గాలి మరియొక చోట దిగవలెను. దిగు గాలి మేఘమును కట్టనీయదు. ఆ దిగు చోటు ఒక్కొక్కసారి మన దేశము మీదికి వచ్చును. వృద్ధ రైతు ప్రశ్నకు సమాధానములో మొదటి సగము ఇది.

లెక్క తప్పిన సంవత్సరములు

అయితే సోదరులారా, ఇంతటితో రహస్యము తెలిసిపోయినదని మేము చెప్పినచో అది మిమ్ము మోసగించుట యగును. 1951 తరువాత వచ్చిన ఎల్ నినో సంవత్సరములలో సగమునకు పైబడి మన దేశమున వర్షములు తగ్గినవి, అన్నిటను కాదు. 1997లో మహా ఎల్ నినో వచ్చినను దేశపు వర్షపాతము సగటున కొంచెము పైననే యుండెను. 2002లో మోస్తరు ఎల్ నినోకే వర్షము నూటికి పందొమ్మిది వంతులు తగ్గెను. ఆ యేడు వర్షము సగటుగనే యుండునని అంచనా వేసియుండిరి.

ఇట్లేల జరిగినదని వెదకగా మన హిందూ మహాసముద్రములోనే మరియొక తక్కెడ కలదని బయటపడినది. సాజి, గోస్వామి, వినయచంద్రన్, యమగతా అను భారత, జపాను శాస్త్రజ్ఞులు 1999లో దీనిని ప్రకటించిరి. ఆఫ్రికా వైపు సముద్రము వెచ్చనై, సుమత్రా వైపు చల్లనైనప్పుడు మన ఋతుపవనములకు అది కొంత సాయము చేయును. 1997లో ఎల్ నినో చేయవలసిన కీడును ఇది కొంత అడ్డుకొనినదని పరిశోధకుల అభిప్రాయము. 2019లో ఇట్టి స్థితియే బలముగ నేర్పడి, వర్షము సగటునకు నూటికి నూటపదియైనది.

ఇంకొక సంగతి. 2009లో దేశపు వర్షపాతము నూటికి ఇరువదిరెండు వంతులు తగ్గెను. చేలు ఎండినవి. ఆ కరువు సంవత్సరముననే అక్టోబరు మొదటి దినములలో కుండపోతగ వాన కురిసి, తుంగభద్ర పొంగి మంత్రాలయము మునిగినది. కర్నూలు పట్టణము నీట మునిగినది. ఋతువు మొత్తముమీద లోటు వానయన్నంత మాత్రమున వరద రాదని అర్థము కాదు. అట్లే ఎల్ నినో సంవత్సరములలో నైఋతి వానలు తగ్గినను, అక్టోబరు నుండి డిసెంబరు వరకు వచ్చు ఈశాన్య వానలు దక్షిణ భాగమున తరచు మెరుగుగ నుండును. నల్లరేగడి రైతు హింగారి ఆశను ముందుగనే వదలుకొనరాదు.

మేము చేసిన పొరపాటు

ఈ సందర్భమున మా తప్పును ఒకదానిని దాచక చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట మేము ఈ ప్రాంతపు గ్రామములలో ప్రచారము చేయుచు, "ఈ యేడు సాధారణ వర్షపాతమని అంచనా వచ్చినది" అని మైకులో చెప్పితిమి. ఆ మాట నిజమే. కాని అది దేశమంతటికి, నాలుగు నెలలకు కలిపి వేసిన లెక్క. దేశపు దీర్ఘకాల సగటు సుమారు 87 సెంటీమీటర్లు. దానిలో 96 నుండి 104 శాతము వరకు పడినచో 'సాధారణ'మందురు. ఆ లెక్క ఫలానా ఊరికి ఫలానా కార్తెలో వాన పడునని చెప్పదు. ఆ భేదమును మేము వివరింపలేదు. మా మాట విని కొందరు పొడినేలలో ముందుగనే విత్తిరి. నెల దినములు వాన రాలేదు. మరల ఆ దారిన పోయినప్పుడు ఒక రైతు కోపము లేకుండగనే, "మీరు చెప్పినారనే విత్తినాం సామీ" అనెను. అతడు తిట్టినను మాకంత బాధ కలిగియుండెడిది కాదు.

2018లో ఇట్టి భేదమే కనబడినది. దేశమున సగటులో 91 శాతము వాన పడగా, రాయలసీమలో లోటు అంతకంటె ఎంతయో ఎక్కువ. 2023లో ఆగస్టు నెల దేశమున 1901 తరువాత ఎన్నడును లేనంత పొడిగ గడచినది. ఆ యేడు కర్నూలు జిల్లాలో అనేక మండలములు కరువు మండలములుగ ప్రకటింపబడినవి. కావున అంచనాను విను విధము కూడ మనము నేర్చుకొనవలెను. 'అరువది శాతము అవకాశము' అన్నచో, అట్టి సంవత్సరములు పది వచ్చిన ఆరింట అట్లు జరుగును, నాలుగింట జరుగదు అని గ్రహింపవలెను. ఆ నాలుగింటికి తగిన విత్తనము, మేత, నీరు చేతనుంచుకొనుట వివేకము.

ఎనిమిదిన్నర గంటల రహస్యము

ఇక అసలు విషయమునకు వత్తము. మండల కార్యాలయమున వర్షమును ఉదయము సరిగా ఎనిమిదిన్నరకే ఎందుకు కొలుతురో మీరెన్నడైన ఆలోచించితిరా? మనకు ఎనిమిదిన్నర యైనప్పుడు ప్రపంచ ప్రామాణిక కాలము ప్రకారము మూడు గంటలు. ఆ క్షణముననే జపానులో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో, సముద్రము నడుమ ఓడలలో పరిశీలకులు తమ తమ యంత్రములను చూతురు. ఉదయము, సాయంకాలము అయిదున్నర ప్రాంతమున ప్రపంచమంతట ఒకేసారి గాలిబుడగలు ఎగురవేయుదురు. అందరును ఒకే క్షణమున, ఒకే కొలతతో చూచిననే భూమి చుట్టునున్న గాలి చిత్రము పూర్తియగును. ఒకరు ఉదయమున, వేరొకరు మధ్యాహ్నమున, ఒకరు అంగుళములలో, ఇంకొకరు చేరలతో కొలిచినచో ఆ లెక్కలు ఒకచోట కూడవు.

ఈ కూర్పు ఒక్కనాడు జరిగినది కాదు. 1873లో వియన్నా నగరమున వివిధ దేశముల వాతావరణ శాస్త్రజ్ఞులు సమావేశమై కొలతలను ఒక తీరునకు తెచ్చుటకు పూనుకొనిరి. ఆ సంఘమే 1950 మార్చి 23 నుండి ప్రపంచ వాతావరణ సంస్థగ మారినది. సరిహద్దులలో సఖ్యము లేని దేశములు సైతము ఈ సంస్థ ద్వారా వానల లెక్కలను, తుఫానుల వార్తలను ఒండొరులకు ఇచ్చుకొనుచున్నవి. ఎమ్మిగనూరు వారికి ఇది కొత్త సంగతి కాదు. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించినప్పుడు, ఒక్కొక్క నేతగాడు విడిగ చేయజాలనిది పదిమంది కూడి చేయగలరని ఈ ఊరే చూచినది. దేశముల మధ్య కూడ సూత్రమదియే.

1957-58 సంవత్సరములలో అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరము జరిగినది. అప్పుడు అన్నా మణి అను మన శాస్త్రజ్ఞురాలు సూర్యరశ్మిని కొలుచు కేంద్రములను దేశమున నెలకొల్పెను. పరికరము తప్పు చెప్పినచో దానిపై కట్టిన శాస్త్రమంతయు తప్పగునని భావించి, ఆమె పూణెలో పరికరములను సరిచూచి ప్రమాణపరచుటకే తన జీవితములో పెద్ద భాగమును ధారపోసెను. మన తెలుగువారైన పంచేటి కోటేశ్వరముగారు వర్షకాలమున దక్షిణ భారతము మీద ఎంతో ఎత్తున తూర్పునుండి వేగముగ వీచు గాలిప్రవాహమును 1958లో లోకమునకు తెలియజేసిరి. తరువాత వారు భారత వాతావరణ శాఖకు అధిపతులైరి. 1960 తరువాతి సంవత్సరములలో అనేక దేశముల నౌకలు నలుబదికి పైగా కూడి హిందూ మహాసముద్రమును శోధించినవి. ఆ కృషికి బొంబాయిలో అంతర్జాతీయ వాతావరణ కేంద్రము తోడ్పడెను. 1962లో పూణెలో ఉష్ణమండల వాతావరణ పరిశోధనా సంస్థ వెలసినది. 1979లో మన ఋతుపవనములనే గురిగ పెట్టుకొని నౌకలతో, విమానములతో ఒక పెద్ద పరిశోధన జరిపిరి.

1980లో ప్రపంచ శీతోష్ణస్థితి పరిశోధనా కార్యక్రమము ఆరంభమైనది. దాని క్రింద 1985 నుండి 1994 వరకు పది సంవత్సరములు సముద్రమునకు గాలికి గల సంబంధమును శోధించిరి. ఆ పనిని 1995 నుండి 'క్లైవార్' అను కార్యక్రమము కొనసాగించుచున్నది. సముద్రములు, గాలి, ఋతుపవనములు ఏటేటను ఎట్లు మారుచున్నవో కనుగొనుటకు వివిధ దేశముల పరిశోధనను ఒక త్రాటిపైకి తెచ్చుటయే దాని పని. ఋతుపవన పరిశోధనను సమన్వయపరచు అంతర్జాతీయ కార్యాలయమును 2022లో పూణెలోనే ప్రారంభించిరి. వానకై ఎదురుచూచు దేశముననే ఆ కార్యాలయముండుట సముచితము.

సముద్రములో మన తరఫున కాపలా కాయునవి యంత్రములు. ఆర్గో అను పేరుగల యంత్రములు సుమారు నాలుగువేలు నేడు సముద్రములలో తేలియాడుచున్నవి. ఒక్కొక్కటి పది దినములకొకసారి రెండువేల మీటర్ల లోతునకు మునిగి, అచ్చటి వేడిని, ఉప్పదనమును కొలుచుచు పైకి వచ్చి, ఉపగ్రహము ద్వారా వార్త పంపి మరల మునుగును. హిందూ మహాసముద్రపు ఆర్గో లెక్కలను కూర్చు ప్రాంతీయ కేంద్రము మన హైదరాబాదులోని మహాసముద్ర సమాచార సేవా కేంద్రముననే కలదు. ఇవిగాక లంగరు వేసి నిలిపిన తేలుడు యంత్రముల వరుసను 2004 మొదలు భారత, అమెరికా, జపాను, ఇండోనేషియా మున్నగు దేశములు కలసి హిందూ మహాసముద్రమున నెలకొల్పుచు వచ్చినవి.

కన్ను మూసిన సముద్రము

ఇంత పనియు ఎవరో ఒకరు ప్రతిదినము శ్రద్ధ వహించిననే నిలుచును. పసిఫిక్ మహాసముద్రములో ఎల్ నినోను కనిపెట్టుటకు 1994 నాటికి సుమారు డెబ్బది యంత్రముల వరుసను పూర్తి చేసిరి. వానిని బాగుచేయుచుండిన నౌకను 2012లో విరమింపజేసిరి. రెండేండ్లలో యంత్రములు ఒక్కొక్కటిగ మూగవోయి, రావలసిన లెక్కలలో సుమారు నలుబది శాతమే వచ్చు స్థితి యేర్పడెను. ఆ 2014లోనే ఎల్ నినో సూచనలు కనబడుచుండెను. కన్ను అవసరమైన వేళనే రెప్ప వాలినది. వెంటనే దేశములన్నియు మేల్కొని, ఆ వరుసను నిలబెట్టుటకు క్రొత్త ప్రణాళిక వేసికొనవలసి వచ్చినది. హిందూ మహాసముద్రములో మరియొక ఆపద. తేలుడు యంత్రముల చుట్టు చేపలు గుమిగూడును గనుక, చేపల పడవలవారు తాళ్లు కట్టి వానిని పాడుచేయుచుందురు. ఒకరి వలలో పడిన చేపలకు లక్షలాది రైతుల వాన వార్త బలియగును.

సముద్రమున జరుగునది మన ఊళ్లలోను జరుగుచున్నది. మా పర్యటనలో ఒకచోట వర్షమాపకము వేపచెట్టు క్రింద నుండుట చూచితిమి. గరాటిలో ఎండుటాకులు నిండియుండెను. సెలవు దినములు గడచిన తరువాత మూడు నాళ్ల వానను కలిపి ఒకే దినమున వ్రాయు అలవాటు కలదని కూడ తెలిసినది. ఊరి పేరు చెప్పము. ఆ పుస్తకములో వ్రాసిన అంకె జిల్లాకు పోవును. జిల్లా నుండి రాష్ట్రమునకు, అక్కడినుండి దేశపు లెక్కలోనికి, ఆ పిమ్మట ప్రపంచ పరిశోధకుల చేతికి పోవును. కరువు మండలమును నిర్ణయించునప్పుడు మొదట చూచునది వర్షపు లోటునే. వాతావరణ ఆధారిత పంటల బీమాలోను వాన లెక్కయే సాక్షి. వేపచెట్టు ఆపివేసిన వానను ఏ శాస్త్రజ్ఞుడును తిరిగి తేలేడు. అట్లే, పరిహారము రావలెనని తగ్గించి వ్రాసిన అంకె ఒక యేడు లాభముగ తోచినను, సగటును చెరచి మరుసటి యేండ్లలో మన లోటునే చిన్నదిగ చూపును.

పంచాయతీలు చేయదగిన పని

కావున మేము మిమ్ము కోరునవి కొన్నియే.

మొదటిది: మీ మండలమందు, గ్రామమందు గల వర్షమాపకమును వెళ్లి చూడుడు. అది బయలున, చదునైన నేలపై నుండవలెను. దాని అంచు నేలకు ముప్పది సెంటీమీటర్ల ఎత్తున నుండవలెను. ప్రక్కనున్న చెట్టుగాని, గోడగాని మాపకపు అంచుకంటె ఎంత ఎత్తున్నదో, దానికి కనీసము రెండింతల దూరమున మాపకముండవలెను. స్వయముగ కొలుచు యంత్రమున్నచోట దాని సౌరఫలకమును, బ్యాటరీని గ్రామపు ఆస్తిగ భావించి కాపాడుడు.

రెండవది: ప్రతిదినము ఎనిమిదిన్నరకు కొలత వ్రాయించుడు. వాన పడని దినమున సున్న వ్రాయుట కూడ కొలతయే. ఖాళీగ విడిచిన గడి వాన పడలేదని చెప్పదు, ఎవరును చూడలేదని మాత్రమే చెప్పును. గ్రామపు పాఠశాలలో ఒక మాపకము పెట్టి పిల్లలచేత ఈ పని చేయించినచో వారికి చదువును, మీకు లెక్కయు లభించును. ఒక మిల్లీమీటరు వాన అనగా చదరపు మీటరునకు ఒక లీటరు నీరు. పది మిల్లీమీటర్లు పడినచో ఒక ఎకరమునకు సుమారు నలుబదివేల లీటర్లు. ఈ లెక్క తెలిసిన పిల్లవాడు వానను వృథాగ పోనీయడు.

మూడవది: ఆ పుస్తకములోనే మొదటి విత్తు దినము, ఊరి బావులలో నీటి మట్టము, పైరు వాడిన దినము వ్రాయుడు. పది యేండ్లు గడచిన తరువాత అట్టి పుస్తకమునకు వెల కట్టలేరు.

నాలుగవది: మంగళవారము, శుక్రవారము వెలువడు వ్యవసాయ వాతావరణ సలహాను పంచాయతీ బోర్డుమీద వ్రాయించుడు. దేశపు అంచనాను ఊరి అంచనాగ చెప్పకుడు. మేము చేసిన తప్పు మీరు చేయవలదు. వేరుశనగలో కందిని సాళ్లుగ కలుపుట, వాన ఆలస్యమైనచో కొఱ్ఱ, సజ్జ, ఉలవ వంటి పైరులకు విత్తనము సిద్ధముగ నుంచుట మొదలగు విషయములను వ్యవసాయాధికారితో ముందే గ్రామసభలో చర్చింపుడు.

ముగింపు

భూమి క్రమముగ వేడెక్కుచున్నది. 2024వ సంవత్సరపు సగటు ఉష్ణము 1850-1900 నాటి సగటుకంటె సుమారు ఒకటిన్నర డిగ్రీ అధికమని ప్రపంచ వాతావరణ సంస్థ ప్రకటించినది. మధ్య భారతమున అతివృష్టి దినములు పెరిగినవని మన దేశ శాస్త్రజ్ఞులు 2006లోనే తెలిపిరి. ఏటేటి మార్పేదో, నిలిచిపోవు మార్పేదో విడదీసి చెప్పుటకు దీర్ఘకాలపు నిజమైన లెక్కలకంటె వేరు దారి లేదు. తాతల నాటి లెక్క ఉన్ననే మనుమల నాటి మార్పు తెలియును.

ఆ వృద్ధ రైతునకు చెప్పవలసిన రెండవ సగము ఇది: "తాతా, ఎక్కడనో సముద్రము కాగినచో నీ చేను ఎండవచ్చును, ఎండకనుపోవచ్చును. ఏది జరుగునో కొంచెము ముందుగ చెప్పుటకు ప్రపంచమంతయు కూడి కొలుచుచున్నది. ఆ కొలతలో నీ ఊరి వాన కూడ ఒక అంకె. దానిని నీ ఊరివారే సరిగ వ్రాయవలెను." ధాత కరువునాడు మన పెద్దలకు ఆ అవకాశము లేకపోయినది. మనకున్నది. రేపు ఉదయము ఎనిమిదిన్నరకు మీలో ఒక్కొక్కరు మీ వర్షమాపకము వద్దకు వెళ్లి చూచినచో, ఈ సభ సార్థకమైనదని మేము భావించెదము.